మూల లేని ముసాఫిరు బంగళా

ఆ రోజుల్లో గవర్నమెంటు గుడారాల్లో ఉండేది. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే, తాతకు సర్కసు కంపెనీకీ సర్కారుకూ తేడా తెలియకుండా పోయిందని నవ్వుతారు. నవ్వుకోనీ. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళలో నేను గుడారంలో కూర్చుని ఉద్యోగం చేసినవాణ్ణి. గాలిదుమారం లేస్తే ఫైళ్ళ మీద రాళ్ళు పెట్టుకునేవాళ్ళం (కర్నూల్లో దేనికైనా కరువు వస్తుందేమోగానీ రాళ్ళకు రాదు). అయినా అప్పుడు తీసుకున్న నిర్ణయాలు ఇప్పుడు నాలుగు అంతస్తుల మేడల్లో కూర్చుని తీసుకునేవాటికంటే మరీ అధ్వానంగా ఏమీ ఉండేవి కావు. అలాంటి నిర్ణయం ఒకటి నా ఇరవయ్యో ఏట నా నెత్తిన పడింది. దాన్ని నేను ఎదిరించాను. ఎదిరించి ఏం బావుకున్నావు అని మా ఆవిడ యాభై ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. అందుకే ఈ సంగతి ఇంట్లో చెప్పడం మానేసి మీకు చెబుతున్నాను.

మాది కడప వైపు పల్లె. నేను ఇంటరు ఒకసారి తప్పి, రెండోసారి కూడా తప్పే ఉద్దేశంలో ఉండగా, మా మేనమామ నన్ను కర్నూలు తీసుకుపోయి తన ఆఫీసులో టెంపరరీ గుమాస్తాగా వేయించాడు. ఆయన అక్కడ హెడ్ గుమాస్తా. పర్యటనకు పోయే అధికారులు బస చేసే ముసాఫిరు బంగళాల లెక్కాజమా చూసే ఆఫీసు అది. నన్ను చేర్చుకోవడానికి కారణం నా తెలివి కాదు, నా చేతిరాత. "రేయ్ అల్లుడా, నీ తలకాయలో ఏమీ లేకపోయినా చేతిలో సరస్వతి ఉండాది. తల ఎత్తకుండా రాస్తా పో, ఏడాదికంతా నిన్ను పర్మనెంటు చేయిస్తా" అన్నాడు మామ. నేను ఎనిమిది నెలలు తల ఎత్తలేదు. మా అమ్మ అప్పటికే మా ఊళ్ళో నన్ను సగం కలెక్టరును చేసి పెట్టింది.

మా పై అధికారిని అందరం చాటుగా పంచాంగం సారు అనేవాళ్ళం. కోస్తా ఆయన. పనిమంతుడే, లంచం ముట్టడు, ఎవర్నీ తిట్టడు. కానీ సిరాబుడ్డి మూత తీయాలన్నా పంచాంగం చూసేవాడు. దుర్ముహూర్తంలో వచ్చిన ఫైలు గుడారం బయటే నిలబడేది, దాంతోపాటు దాన్ని తెచ్చిన బంట్రోతూ నిలబడేవాడు. ఈ సారుకు ఒకసారి అహోబిలం పోతూ నల్లమల అంచున ఒక పల్లెలో రాత్రి మజిలీ పడింది. ఆ ఊరి ముసాఫిరు బంగళా గుండ్రంగా ఉంటుంది. పొరపాటున ఒక పక్క వంగి గుండ్రమైనది కాదు, తిరగలి రాయి మాదిరి పూర్తిగా గుండ్రం. చీకట్లో పోయి పడుకున్న సారు పొద్దున లేచి, మంచం చుట్టూ తిరిగి, సూర్యుణ్ణి చూసి లెక్కవేసుకుంటే తేలిందేమంటే ఆయన రాత్రంతా ఉత్తరానికి తల పెట్టి పడుకున్నాడు. మూలలుంటే కదా దిక్కు తెలిసేది. కర్నూలు తిరిగొచ్చేసరికి ఆయనకు రావాల్సిన ప్రమోషను ఇంకొకాయనకు వచ్చింది. ఇంకేముంది, నేరం బంగళాదేనని తేలిపోయింది. "ఈశాన్యం లేని ఇల్లు ఇల్లేనటయ్యా? దాన్ని తీయించేసి అక్కడ నలుచదరంగా ఒకటి కట్టిద్దాం" అన్నాడు. ఈశాన్యం లేదని గవర్నమెంటు కట్టడాన్ని కూలగొట్టడానికి రూల్సు ఒప్పుకోవు. శిథిలమైపోయిందని ఎవరైనా స్వయంగా చూసి రిపోర్టు రాస్తే మాత్రం ఒప్పుకుంటాయి.

ఆ ఎవరైనా నేనే. మామ నన్ను పిలిచి రిపోర్టు ఇంగ్లీషులో చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. గోడలు బీటలు వారినవి, పైకప్పు కారుచున్నది, ఏ క్షణమునైనా కూలవచ్చును. (బంగళాను మామ చూడలేదు, నేనూ చూడలేదు. అయినా మా ఇద్దరికీ అది కూలిపోతున్నట్టు కళ్ళకు కట్టింది.) అంతా రాశాక పొడవు, వెడల్పు దగ్గర రెండు ఖాళీలు, చివర్లో సంతకానికి ఒక ఖాళీ మిగిలాయి. "పోయి టేపు పట్టుకుని కొలిచి, ఆ రెండూ పూరించి, సంతకం చేసి పెట్టుకో. సారు స్వాతి నక్షత్రం నాడు అహోబిలం పోతా ఆ దారినే వస్తాడు, ఆయన చేతికియ్యి. మరుసటి వారం నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పడతాది" అన్నాడు మామ. నేను సంతోషంగా టేపు తీసుకుని బస్సెక్కాను. ఈ విషయం దాచను. కూల్చడానికి పోతున్నాననే బాధ నాకు చీమంత కూడా లేదు.

ఆళ్ళగడ్డలో బస్సు దిగి, బండి ఒకటి దొరికితే ఎక్కి, మధ్యాహ్నానికి ఊరు చేరాను. బంగళా ఊరికి కాస్త ఎడంగా, ఎర్ర నేలలో, వెనకాల నల్లమల కొండలు కనబడేట్టు ఉంది. నల్లటి రాతి గోడ, చుట్టూ తిరిగిన సన్నని అరుగు, పైన చదునైన మిద్దె. మిద్దె ఎక్కడానికి మెట్లున్నాయి కానీ అవి నేలమీద నుంచి లేచిన మెట్లు కావు. గోడలోంచి ఒక్కొక్క బండ మూరెడు బయటికి పొడుచుకొచ్చి, గోడను చుట్టుకుంటూ పైకి పోతాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. లోపల ఒకటే పెద్ద గది, నడిమధ్య ఒక రాతి స్తంభం, దాని నుంచి నాపబండలు బండిచక్రం ఆకుల మాదిరి అన్ని వైపులకూ పరిచి కప్పు వేశారు. మంచం గోడకు ఆనదు. బీరువా అలిగిన అల్లుడి మాదిరి గోడకు దూరంగా నిలబడి ఉంది.

నేను టేపు విప్పి పొడవు కొలవడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర కొస పెట్టి గోడ వెంబడి నడిచాను. నడవగా నడవగా మళ్ళీ తలుపు వచ్చింది. సరే, ఇది పొడవు అనుకుంటే వెడల్పు ఏది? ఈసారి ఎడమవైపు నుంచి తిరిగాను. మళ్ళీ తలుపే వచ్చింది. ఇట్లా నాలుగైదు చుట్లు అయ్యేసరికి టేపు నా కాళ్ళకు చుట్టుకుంది. అరుగు మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తున్న ముసలామె చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది. ఆమె బంగళా కావలి. మొగుడు పోయాక ఆయన పని ఆమెకే వచ్చింది. ఊళ్ళో అందరూ బంగళా అవ్వ అంటారు.

"ఏమప్పా, అప్పట్నించి గానుగెద్దు మాదిరి తిరుగుతాండావు. ఏమన్నా పోగొట్టుకున్నావా?" అంది.

"దీని పొడుగు వెతుకుతాండా అవ్వా."

"దొరికిందా?"

"ల్యా."

"దొరకదులే. మా జేజినాయన దాన్ని పెట్టలేదు" అని మళ్ళీ చింతకాయల మీద పడింది.

ఆ మాటతో నేను టేపు వదిలేసి అరుగు మీద కూలబడ్డాను. జేజినాయన అంటే తాత. ఫారంలో ఒక గడి ఉంది, కట్టడం చరిత్ర అని. దాంట్లో మామ, ఎవరో దొర తన సీమలో గుండ్రటి విడిది చూసి ముచ్చటపడి ఇక్కడ కట్టించాడని రాయించాడు. ఎక్కడ విన్నావు మామా అంటే, దొరలు గాక ఇంకెవరికి పుడతాయిరా ఇట్లాంటి బుద్ధులు అన్నాడు. అవ్వకు అది చదివి తెలుగులో చెప్పాను. ఆమె చింతకాయలు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"దొర ముచ్చటపడేది యాడిది, నెత్తీ నోరూ కొట్టుకున్నాడంట" అంది. "మా జేజినాయన బాయిలు కట్టేటోడు. ఈ చుట్టుపక్కల ఏ బాయిలోకి తొంగి సూసినా ఆయన చెయ్యే. పుట్టిన కాడినుంచి బాయి తప్ప ఇంగోటి కట్టిండ్లేదు. దొర వచ్చి ఈడ బంగళా కట్టాల అని, కాగితం మీద నాలుగు గీతలు గీసిచ్చి, గట్టిగా కట్టు అని చెప్పి సీమకు పాయ. ఆయనొచ్చేలోగా ఇది లేసింది."

"కాగితం చూసి కట్టలేదా అవ్వా?"

"కాగితం ఏం జేసినాడో, రొట్టె చుట్టుకున్నాడో. నాలుగు దినాలు మూల కట్టి సూసినాడంట. మనసొప్పల్యా. మూల కాడ గోడలు రెండూ ఏరు కాపురం పెట్టినట్ల ఉండాయి అన్నాడంట. గుండ్రంగా కడితే ప్రతి రాయీ పక్క రాయిని పట్టుకుంటాది. ఒగ రాయి పడాలంటే అన్నీ ఒప్పుకోవాల."

అంటే ఏమిటన్నమాట. ఈ మహానుభావుడు జన్మంతా భూమిలోకి బావులు కట్టి కట్టి, చివరికి ఒక బావిని భూమి పైకి కట్టేశాడు. గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్లు బావిలోకి దిగే మెట్లే. కాకపోతే అవి బయటికొచ్చి, దిగడానికి బదులు ఎక్కుతున్నాయి. నాకు నవ్వు ఆగలేదు. అవ్వ కోప్పడలేదు. తనూ నవ్వి, "పైకి కట్టేదే సులభమప్పా. నీల్లు తోడే పనిల్యా" అంది.

సీమ నుంచి తిరిగొచ్చిన దొర బంగళా చుట్టూ మూడుసార్లు తిరిగాడట (నా మాదిరే, కాకపోతే ఆయన చేతిలో టేపు లేదు). మూల ఎక్కడ అని అడిగాడట. "మూల కావాలని నువ్వు నోటితో చెప్పలేదే, గట్టిగా కట్టమన్నావు, కట్టినా" అన్నాడట జేజినాయన. ఇది పడిపోతుంది, తీసెయ్యి అన్నాడు దొర. అప్పుడు జేజినాయన బావుల ఆచారం చెప్పాడు. వాళ్ళలో బావి కట్టడం పూర్తయ్యాక, కట్టినవాడు పెండ్లాం బిడ్డలతో అడుక్కు దిగి కూర్చుంటాడు. పైన ఒడ్డు మీద ఊరివాళ్ళు రాళ్ళు నింపిన బండి తోలతారు. "నిలిస్తే తలకు పాగా చుట్టి పైకి తీసుకొస్తారు. నిలవకపోతే పాగా ఉంటాది, తల ఉండదు" అంది అవ్వ. అదే లెక్కన జేజినాయన పెండ్లాన్నీ, పాలు తాగే బిడ్డనూ తీసుకుని ఈ స్తంభం కింద కూర్చుంటే, మిద్దె మీద ఊరి చెక్కభజన వాళ్ళు అరజాము సేపు ఎగిరి దుంకారట. దొర బయట నిలబడి చూశాడట. ఇసుక రవ్వ కూడా రాలలేదు. దొర టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, లోపలికి పోయి పడుకున్నాడట. "ఆ పాలు తాగే బిడ్డ మా నాయన" అని ముగించింది అవ్వ.

ఆ సాయంత్రం ఆమె పెట్టిన సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిని, మెత్తబడి, నిజం చెప్పేశాను. బంగళా తీసేస్తారని, కాగితం రాయడం అయిపోయిందని, నా సంతకమే బాకీ అని. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఏమని రాసినావు, సదువు" అంది. గోడలు బీటలు వారినవి అన్నాను. ఆమె లేచిపోయి గడ్డపార తెచ్చి నా చేతికిచ్చి, "బీట యాడుండాదో సూపీ. లేకుంటే నువ్వే ఒగటి ఎయ్యి" అంది. నాకు రోషం వచ్చి ఒక దెబ్బ వేశాను. గోడకేమీ కాలేదు. నా కుడిచెయ్యి మాత్రం మోచేతిదాకా తిమ్మిరెక్కి, మరుసటి రోజు సాయంత్రం దాకా కలం పట్టలేదు (ఆ తిమ్మిరే లేకపోతే ఆ రాత్రికే సంతకం పెట్టేసి ఉండేవాణ్ణేమో, ఎవరికి తెలుసు). తర్వాత పైకప్పు కారుచున్నది అన్నాను. "అది రుజువు సెయ్యాలంటే వాన రావాల. వానొస్తే ఊరంతా నీ కాల్లు మొక్కుతాది" అంది. ఏ క్షణమునైనా కూలవచ్చును అన్నాను. ఈసారి ఆమె చాప తెచ్చి ఆ స్తంభం మొదట్లో పరుచుకుని, నా ముందే కాళ్ళు చాపుకుని పడుకుంది.

మరుసటి రోజంతా నేను పడ్డ యాతన మీకు నవ్వులాటగా ఉండవచ్చు. నాకు మాత్రం ఒక పక్క పర్మనెంటు ఉద్యోగం, మా అమ్మ మొహం, మామ మాట. ఇంకో పక్క నాకేమీ కాని ఒక రాళ్ళ గుండ్రం, దాన్ని వదిలితే ఇంకెక్కడా చోటు లేని ఒక ముసలామె. నేను వీరుణ్ణి కాను. ఎవరి పక్కా లేకుండా ఆ రిపోర్టే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ కూర్చున్నాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నా చేతిరాతలో ఆ అబద్ధం ఎంత ముద్దుగా కనబడిందంటే, చూస్తూ చూస్తూ నాకే నమ్మబుద్ధి వేసింది. అక్కడే నాకు ఒళ్ళు మండింది. నా చేతిలో సరస్వతి ఉండాదన్నావే మామా, ఆ తల్లి చేత ఇదా రాయించేది అనుకున్నాను. సాయంత్రానికి చెయ్యి స్వాధీనంలోకి రాగానే ఇంకో ఖాళీ ఫారం తీసి కొత్తగా రాశాను. గోడలు గట్టిగా ఉన్నవి, గడ్డపారతో పరీక్షించడమైనది. పొడవు లేదు, వెడల్పు లేదు, కట్టడం గుండ్రము. ఫారంలో కట్టించినవారి పేరుకు గడి ఉంది కానీ కట్టినవారి పేరుకు లేదు. స్కేలు పెట్టి ఒక గీత గీసి కొత్త గడి చేసి, అందులో జేజినాయన పేరు, పక్కన బావుల మేస్త్రీ అని రాశాను. చివర్లో నా సంతకం పెట్టాను. జన్మలో అంత పెద్ద సంతకం నేను మళ్ళీ పెట్టలేదు.

అవ్వకు చదివి వినిపించాను. "గట్టిగా ఉండాదని నువ్వే రాసినావా, నీ పేరు పెట్టి?" అంది. అవునన్నాను. తల ఊపి, "సరే, నేను ఊర్లోకి పొయ్యొస్తా" అని పోయింది. ఎందుకో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మరుసటి పొద్దున, స్వాతి నక్షత్రం నాడు, జీపు వచ్చింది. పంచాంగం సారు పట్టుపంచెలో దిగాడు, వెనకే మామ. సారు నా కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. చదివి మామ చేతికిచ్చాడు. మామ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏవిటయ్యా ఇది? నేను అడిగిందేవిటి, నువ్వు రాసిందేవిటి?" అన్నాడు సారు, మెల్లగానే.

"చూసింది రాసినాను సార్."

"సరే, అంత బాగా చూశావు కదా. దీనికి ఈశాన్యం ఎక్కడుందో చూపించు."

"ఈశాన్యం ఆకాశంలో ఉంటుంది సార్. ఎక్కడికీ పోదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. మామ నా మోచెయ్యి పట్టి గిల్లాడు. తిమ్మిరెక్కిన చెయ్యే.

అప్పుడు అవ్వ అరుగు దిగి వచ్చి సారుకు దండం పెట్టింది. "సామీ, వీడు చిన్నోడు, వీని మాట మీరు నమ్మొద్దు. మా ఆచారం ఒగటి ఉండాది. గట్టిదని చెప్పినోడు కింద కూర్చోవాల. వీడు కూర్చుంటాడు. మీరు బయటే నిలబడి సూడండి" అంది. నేను కూర్చుంటానని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నన్నైతే అడగలేదు. నేను నోరు తెరిచేలోగా మామ, "వానికంత ధైర్యం యాడిది, గమ్మునుండవ్వా" అన్నాడు. అంతే. మామ ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నేను ఏదో సాకు చెప్పి తప్పుకునేవాణ్ణి. ఆయన వైపు ఒక చూపు చూసి, గబగబా లోపలికి పోయి, స్తంభం కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కూర్చున్నాక భయం వేసింది.

ఇంతలో ఊరివైపు నుంచి గజ్జెల చప్పుడు. అహోబిలం పోవడానికి బయల్దేరిన చెక్కభజన వాళ్ళు, ఇరవై మందికి పైనే, నడుముకు తుండ్లు బిగించి, చేతుల్లో చెక్కలతో వచ్చి, ఎవర్నీ ఏమీ అడగకుండా గోడ మెట్ల మీదుగా ఒక్కొక్కరే మిద్దె ఎక్కారు. వాళ్ళ గురువు నరసింహస్వామి మీద పాట ఎత్తుకున్నాడు. చెక్కభజన మీరు చూసే ఉంటారు. వలయంగా నిలబడి, ఎగిరి, అందరూ ఒకేసారి కాలు వేస్తారు. ఆడేవాళ్ళది వలయం, మిద్దెదీ వలయం, ఇంక వాళ్ళకు అడ్డేముంది. మొదటి అడుగు పడగానే నా గుండె చొక్కా జేబులోకి వచ్చింది. రెండో అడుగుకు కళ్ళు మూసుకున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది, ఇంటరు గుర్తొచ్చింది, రెండోసారి కాస్త చదివి ఉండాల్సిందే అనిపించింది. పాలు తాగే బిడ్డ కూర్చున్న చోట నువ్వు కూర్చోలేవా అని నన్ను నేను తిట్టుకున్నాను. (పాలు తాగే బిడ్డకు విషయం తెలియదు కదా అని లోపలి నుంచి జవాబు వచ్చింది.) బయటి నుంచి మామ గొంతు, "రేయ్, వచ్చెయ్‌రా, మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాల" అని. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, కానీ లేవలేదు. అంతలో తల మీద మెత్తగా ఏదో పడింది. అయిపోయింది, మొదటి పెళ్ళ రాలింది అనుకున్నాను. తడిమి చూసుకుంటే అది చేతిలోంచి జారి పరుగెత్తింది. బల్లి. పైన అంత గోలకు పాపం దానికి పట్టు తప్పినట్టుంది. ఆ పొద్దుటి మొత్తానికీ ఆ కప్పు నుంచి రాలింది ఆ బల్లి ఒక్కటే.

గుమ్మంలోంచి చూస్తున్న సారుకు అది కనబడింది. "తల మీద పడిందా? తల మీదైతే కలహం" అన్నాడు అప్రయత్నంగా. "కలహం ఇప్పటికే నడుస్తా ఉంది కదా సార్" అన్నాను లోపల్నుంచి. ఆయన నవ్వును మీసం కింద దాచుకోవడం నేను చూశాను.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. ఈ గొడవ ఆపండి అనడానికి సారుకు ఎంత అధికారం ఉన్నా, స్వామి పుట్టిన స్వాతి నాడు, పట్టుపంచె కట్టుకుని, నరసింహస్వామి భజనను మధ్యలో ఆపించే ధైర్యం ఆయనకు లేదు. చేతులు జోడించి చివరిదాకా నిలబడ్డాడు. పాట అయ్యాక గురువు పైనుంచి వంగి, "సామీ, మంగళహారతి. పెద్దలు మీరు పైకొచ్చి తీసుకోవాల" అని పిలిచాడు. భజన ఎక్కడ జరిగితే హారతి అక్కడే, దాన్ని కిందికి దించరు. పిలిచాక పోకపోతే అపచారం. సారు అవ్వ వైపు చూశాడు. ఆమె కొండల వైపు చూస్తోంది. సారు పంచె ఎగ్గట్టి, గోడను రెండు చేతులా కరుచుకుని, ఒక్కొక్క బండ మీద కాలు పెట్టి, గోవిందా అనుకుంటూ పైకెక్కాడు. కర్పూరం అప్పటికే వెలుగుతోంది. హారతి పళ్ళెం మిద్దె మీదికి ముందే ఎట్లా చేరిందో, ఎవరు చేర్చారో నేను చెప్పక్కర్లేదు. పంచాంగం సారు, ఏ క్షణమునైనా కూలవచ్చునని రాయమన్న కప్పు మీద, ఇరవై మంది నడుమ నిలబడి, హారతి కళ్ళకద్దుకుని, గురువు కట్టిన తలపాగాతో కిందికి దిగొచ్చాడు. దిగి, "ఆ ఫైలు పెండింగులో పెట్టండి" అన్నాడు మామతో. ఆ పైకప్పు మీద తాను నిలబడ్డాక అది శిథిలమని రాయించే మనిషి కాదాయన. ఆ మాత్రం న్యాయం ఉన్నవాడే. అవ్వ లోపలికొచ్చి, చెయ్యి అందించి, "మా నాయన ఏడ్సినాడంటప్పా, నువ్వే మేలు" అంది. నా చెంపలు ఆమె చూడలేదనుకున్నాను. చూసిందని తుండుగుడ్డ చేతికిచ్చినప్పుడు తెలిసింది.

ఆరు వారాలకు నా ఉద్యోగం పోయింది. టెంపరరీ గుమాస్తాల అవసరం తీరిందని కాగితం వచ్చింది. ఆ కాగితం కూడా ఆఖరిసారిగా నా చేతే రాయించారు. మామ ఏడాదిపాటు మా ఇంటి గడప తొక్కలేదు. తర్వాత నా పెళ్ళిలో మాత్రం, పదిమందిలో, "మా అల్లుడు బంగళా కింద కూర్చున్నోడు" అని ఆడపెళ్ళివారి పందిట్లో చెప్పుకుని తిరిగాడు. గుండ్రం బంగళా ఫైలు పెండింగులో ఉండగానే రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు మడిచారు, ఫైళ్ళు లారీలకెత్తారు. ఆ ఫైలు ఏ లారీలో పోయిందో, అసలు పోయిందో లేదో, ఎవరూ వెతకలేదు. ఇప్పటికీ అది పెండింగులోనే ఉందని నా నమ్మకం. ఉండనీ.

మొన్నీమధ్య అహోబిలం పోయినప్పుడు ఆ దారిన పోయాను. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. బంగళాకు గులాబీ రంగు కొట్టారు, లోపల ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బయట బోర్డు మీద, దొర ముచ్చటపడి కట్టించాడని రాసి ఉంది. కావలి కుర్రాడితో అరగంట పోట్లాడాను. "అట్ల రాసుండాది సార్, నేనేం చేసేది" అన్నాడు వాడు. జేబులోంచి కలం తీసి, బోర్డు కింద ఖాళీ ఉన్నచోట జేజినాయన పేరు రాసి, బావుల మేస్త్రీ అని పెట్టాను. నా చేతిరాత వణుకుతోంది కానీ చదవడానికి వస్తుంది. మళ్ళీ వానకు చెరిగిపోతుందని వాడన్నాడు. వానొస్తే ఊరంతా నా కాళ్ళు మొక్కుతుందిలే అన్నాను.

తర్వాత లోపలికి పోయి స్తంభం మొదట్లో కింద కూర్చున్నాను. "కుర్చీ ఉండాది గదా సార్" అన్నాడు వాడు. ఆ ఉద్యోగం పోయాక కడపలో ఇంకో ఆఫీసులో చేరి ముప్పై ఏళ్ళు చేశాను. అప్పటికి బుద్ధిమంతుణ్ణయ్యాను. చూడని రోడ్డుకు సంతకం పెట్టాను, తొక్కని కల్వర్టుకు పెట్టాను, నాలుగు మూలలూ సక్రమంగా ఉన్న గోడలెన్నిటికో గట్టివని పెట్టాను. వాటి కింద కూర్చోమని ఎవరూ అడగలేదు, నా అదృష్టం. అడిగితే ఎన్నిటి కింద కూర్చునేవాణ్ణో ఆ స్తంభానికి ఆనుకుని లెక్కవేయబోయి, నవ్వొచ్చి మానేశాను. ఈ ఒక్కదాని కింద మాత్రం, ఎవరూ పిలవకపోయినా, మోకాళ్ళు ఒప్పుకున్నంతసేపు కూర్చుని వచ్చాను.